బోర్డు హైస్కూలు నుంచి జడ్పీ గద్దె దాకా

కొవ్వూరు మనిషికి కలెక్టరుగారు గోదావరి దాటితే రాజమహేంద్రవరంలోనే దొరుకుతారు. జిల్లా పరిషత్తుతో పని పడితే మాత్రం ఏలూరు బస్సెక్కాలి. మా అమలాపురంవాళ్లకి కలెక్టరాఫీసు ఊళ్లోకే వచ్చింది, జడ్పీ కాకినాడలోనే ఉండిపోయింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు పుట్టినప్పుడు ఉభయగోదావరి జిల్లాలు ముక్కలయ్యాయి గానీ, 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తులు పాత లెక్క ప్రకారమే నడిచాయి. 1925లో కృష్ణా జిల్లాని చీల్చి ఏలూరు కేంద్రంగా పశ్చిమగోదావరిని ఏర్పాటు చేశారు, కాకినాడ కేంద్రంగా ఉన్న గోదావరి జిల్లా తూర్పుగోదావరి అయింది. కలెక్టర్ల పటంలో చెరిగిపోయిన ఆ గీత జడ్పీ మీటింగు హాల్లో ఇంకా బతికే ఉంది.

మా ప్రాంతంలో చరిత్ర అంటే కాటన్ దొర దగ్గర మొదలుపెట్టి ఆనకట్ట దగ్గర ఆపేస్తాం. కాలవలు ఎవరు తవ్వారో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. కాలవగట్టు మీద రోడ్డు ఎవరు వేశారు, ఊరి హైస్కూలు ఎవరు కట్టారు, వాళ్లని ఎవరు ఎన్నుకున్నారు అంటే పెద్దవాళ్లు కూడా నీళ్లు నములుతారు. ఆ కథ చెప్పుకోవాలనే ఈ వ్యాసం. నా లెక్కలో దాని సారం ఒక్కటే: నూట నలభై ఏళ్లలో ఇక్కడ ఓటు వేసేవాళ్లు పెరుగుతూ వచ్చారు, ఆ ఓటుతో గెలిచినవాళ్ల చేతిలో పెత్తనం మాత్రం పెరుగుతూ వచ్చి, ఒక మలుపు దగ్గర తరగడం మొదలుపెట్టింది.

1882 మే 18న వైస్రాయి రిప్పన్ ఒక తీర్మానం చేశాడు. స్థానిక పాలన అప్పగిస్తే పనులు బాగా జరుగుతాయని కాదు, జనానికి రాజకీయం అలవడుతుందని దాని భావం. రెండేళ్లకి, 1884లో, మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. పైన జిల్లా బోర్డు, మధ్యన తాలూకా బోర్డు, కింద కొన్ని ఊళ్లు కలిపి యూనియను. జిల్లా బోర్డుకి కలెక్టరే అధ్యక్షుడు. రైతు కట్టే శిస్తు మీద సెస్సు వసూలు చేసి రోడ్లు, బళ్లు, ఆసుపత్రులు, సత్రాలు నడపాలి, మశూచికి టీకాలు వేయించాలి. సభ్యుల్లో ఎక్కువమంది దొరలు పిలిచి కూర్చోబెట్టినవాళ్లే. కలెక్టరు కుర్చీలో కూర్చుని ‘ఏమంటారు?’ అంటే ‘కాదు’ అనగలిగే మునసబు ఆ రోజుల్లో ఎవడు?

అదే సమయంలో ఇంగ్లండులో ఏం జరిగిందో చూస్తే ముచ్చటేస్తుంది. అక్కడి పల్లెలకి పారిష్ కౌన్సిళ్లూ, గ్రామీణ జిల్లా కౌన్సిళ్లూ ఇచ్చిన చట్టం 1894లో వచ్చింది, అంటే మన బోర్డుల చట్టం వచ్చిన పదేళ్లకి. అక్కడ మొదటి రోజు నుంచీ ఎన్నికలే, అర్హత ఉంటే పెళ్లయిన ఆడవాళ్లు కూడా ఓటేయొచ్చు, నిలబడొచ్చు. తమ పల్లెలకి ఎన్నిక, మన పల్లెలకి నామినేషను. రిప్పన్ మంచివాడే, ఆయన కింద పనిచేసినవాళ్లే మరీ జాగ్రత్తపరులు.

1920 నాటి కొత్త చట్టంతో బోర్డుల్లో ఎన్నికైనవాళ్ల సంఖ్య పెరిగింది. కానీ ఓటు పన్ను కట్టేవాడిదే. మా వైపు పన్ను కట్టేవాడంటే భూమి ఉన్నవాడు. పాలేరుకీ, కౌలురైతుకీ, కల్లుగీసేవాడికీ, మాలపల్లెకీ, మాదిగపల్లెకీ ఆ ఎన్నిక ఎప్పుడు జరిగిందో కూడా తెలిసేది కాదు. భూమి ఉన్నవాళ్లకి మాత్రం అది ప్రాణప్రదం. జిల్లా బోర్డు అధ్యక్షుడంటే మాటలా? హైస్కూలు మంజూరు ఆయన చేతిలో, పంతుళ్ల ఉద్యోగాలు, బదిలీలు ఆయన చేతిలో, రోడ్డు కంట్రాక్టు ఆయన చేతిలో. మద్రాసు శాసనసభలో సీటు కంటే ఇదే నయమనుకున్నవాళ్లు లేకపోలేదు. జస్టిస్ పార్టీ, కాంగ్రెసు జిల్లా బోర్డుల మీద కుస్తీలు పట్టింది అందుకే. తాలూకా బోర్డులు 1934లో రద్దయ్యాయి, జిల్లా బోర్డులు మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నాళ్లు నడిచాయి.

వాటి జ్ఞాపకం మా ఊళ్లలో రెండు మాటల్లో మిగిలింది. ఒకటి బోర్డు హైస్కూలు, రెండోది బోర్డు రోడ్డు. నా చిన్నప్పుడు మా తాతగారి వయసువాళ్లు జడ్పీ హైస్కూల్ని బోర్డు హైస్కూలనే అనేవారు. గోడ మీద రాసి ఉన్న పేరుతో వాళ్లకి పని లేదు. ఎత్తైన పెంకుల కప్పు, వరండాలో టేకు స్తంభాలు, చెక్క పలక మీద ప్రధానోపాధ్యాయుల పేర్లు. ఇలాంటి బడి డెల్టాలో ఎక్కడ కనబడినా బోర్డు నాటిదేమోనని ఆగి చూస్తాను. ఓటున్నవాళ్లు గుప్పెడుమందే అయినా ఆ బడులు మాత్రం అందరి పిల్లలకీ ఉపయోగపడ్డాయి. న్యాయంగా ఈ మాట చెప్పుకోవాలి.

స్వాతంత్ర్యం వచ్చాక 1952 అక్టోబరు 2న దేశంలో సమాజ వికాస పథకం మొదలైనప్పుడు తొలి విడతలో కాకినాడ–పెద్దాపురం ప్రాంతం కూడా ఉంది. ఎరువులు, మేలుజాతి విత్తనాలు, మరుగుదొడ్లు, గ్రామసేవకులు. అన్నీ పైనుంచి వచ్చాయి, ఊరు చేతులు కట్టుకుని చూసింది. 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ ఆ సంగతే చెప్పింది: జనం ఎన్నుకున్నవాళ్ల చేతికి అధికారం ఇవ్వకపోతే ఈ పథకాలు నిలబడవని. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ చేతుల మీదుగా ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ మొదలైంది. జిల్లా బోర్డులు పోయాయి, సమితులూ జిల్లా పరిషత్తులూ వచ్చాయి.

సమితి రోజులు వేరు. అప్పటి సమితి ప్రెసిడెంటుకి ఉన్న హవా ఈనాటి ఎమ్మెల్యేలు చాలామందికి లేదు. బ్లాకులో సర్పంచులందరూ సమితిలో సభ్యులు, వాళ్లే ప్రెసిడెంటుని ఎన్నుకునేవారు. సమితి ప్రెసిడెంట్లందరూ జిల్లా పరిషత్తులో సభ్యులు. అంటే ఊరి సర్పంచ్ ఓటు బ్లాకుని కదిపేది, బ్లాకు జిల్లాని కదిపేది. ఎమ్మెల్యేలు సర్పంచుల ఇళ్లకి వచ్చి మంచం మీద కూర్చుని కాఫీ తాగేవారంటే ఊరికే కాదు. క్యాంపు రాజకీయాన్ని ఇవాళ్టి రోగమనుకుంటాం గానీ, సమితి ఎన్నికకి రెండు రోజుల ముందు సర్పంచులు ‘తీర్థయాత్ర’కి వెళ్లడం అప్పటి నుంచీ ఉన్నదే.

ఆ సర్పంచ్ ఎవరు? 1964 గ్రామపంచాయతీల చట్టం కింద వార్డు సభ్యులు తమలో ఒకరిని ఎన్నుకునేవారు. వార్డులు వీధుల లెక్కన ఉంటాయి, మా ఊళ్లలో వీధి అంటే కులమే. పెద్ద రైతుల వీధులవాళ్లు రామాలయం అరుగు మీద కూర్చుని తేల్చేస్తే తక్కినవాళ్లు చేతులెత్తేవారు. ఊరికి మునసబు, కరణం వంశపారంపర్యంగా ఉండేవారు, ప్రెసిడెంటుగారు వాళ్లకి చుట్టమో స్నేహితుడో అయి ఉండేవాడు. 1970లో పంచాయతీ ఎన్నికలు జరిగాక మళ్లీ 1981 దాకా లేవు. పదకొండేళ్లు! ఒకసారి ఎన్నికైన సర్పంచ్ మనవణ్ణెత్తుకుని మళ్లీ నామినేషను వేసిన ఊళ్లున్నాయి. ఈ వాయిదా అలవాటు ఏ ఒక్క పార్టీ కనిపెట్టిందీ కాదు, ఏ ఒక్క పార్టీ మానిందీ కాదు.

1981లో సర్పంచ్‌ని ఊరంతా నేరుగా ఎన్నుకోవడం వచ్చింది. అక్కడ రామాలయం అరుగు బలం సగం పడిపోయింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు కరణాల వ్యవస్థని రద్దు చేసేసరికి మిగతా సగం కూడా కదిలింది. 1985లో తాలూకాలు, సమితులు పోయి మండలాలు వచ్చాయి. 1986లో మండల ప్రజాపరిషత్తుల చట్టం తెచ్చారు. 1987 మార్చిలో ఆ చట్టం కింద జరిగిన ఎన్నిక లాంటిది మా జిల్లాలో అంతకు ముందు లేదు, ఆ తరవాతా లేదు.

ఎందుకంటే ఆ ఒక్కసారే మండలాధ్యక్షుణ్ణీ, జిల్లా పరిషత్ అధ్యక్షుణ్ణీ కూడా ఓటర్లు నేరుగా ఎన్నుకున్నారు. తుని నుంచి అంతర్వేది దాకా, రంపచోడవరం కొండల నుంచి యానాం అంచు దాకా, జిల్లా మొత్తానికి ఒక్క కుర్చీ. ఏడు అసెంబ్లీ సీట్లుండే లోక్‌సభ నియోజకవర్గం కంటే పెద్ద మైదానం. అభ్యర్థి కార్లో తిరిగినా జిల్లా సగం చుట్టేలోపు ప్రచారం గడువు అయిపోయేది. తూర్పుగోదావరిలో ఆ కుర్చీని తెలుగుదేశం తరఫున గెలుచుకున్నవాడు గంటి మోహనచంద్ర బాలయోగి. వయసు ముప్పయి అయిదు. ఐ.పోలవరం మండలం ఎదుర్లంక మనిషి, దళితుడు, కాకినాడలో వకీలు. మేజిస్ట్రేటు ఉద్యోగానికి ఎంపికై దాన్ని వదులుకుని వచ్చినవాడు.

బాలయోగి గురించి రాసేవాళ్లందరూ లోక్‌సభ స్పీకరు దగ్గర మొదలుపెడతారు. 1998లో ఆయన స్పీకరయ్యాడు, ఆ పీఠం మీద కూర్చున్న తొలి దళితుడు, నిజమే. కానీ మాలాంటి వాళ్లకి ఆయన ముందు జడ్పీ ఛైర్మనే. వందేళ్ల పాటు భూమి ఉన్నవాళ్లకే పరిమితమైన జిల్లా బోర్డు గదిలోకి, జిల్లా అంతటి ఓట్లతో ఒక లంక ఊరి దళిత యువకుడు అధ్యక్షుడిగా నడిచి వెళ్లాడు. కలెక్టరే అధ్యక్షుడిగా మొదలైన సంస్థ అది. 1884 నుంచి 1987 దాకా జరిగిన ప్రయాణంలో ఇంతకంటే పెద్ద అడుగు నాకు కనబడదు. ఆయన 1991లో అమలాపురం నుంచి ఎంపీ అయ్యాడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో హెలికాప్టరు కూలి చనిపోయాడు. యానాం–ఎదుర్లంక వంతెనకి ఆయన పేరే పెట్టారు. ఆ వంతెన రాకముందు అక్కడ పంటు ఎక్కి గోదావరి దాటినవాళ్లకి ఆ పేరు ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు.

అంత ఓటు బలంతో వచ్చిన జడ్పీ ఛైర్మన్ ఏ ముఖ్యమంత్రికైనా ఇబ్బందే. ఎమ్మెల్యేకి లక్ష ఓట్లు కూడా రాని రోజుల్లో ఇతనికి జిల్లా అంతా ఓటేసింది. తరవాత వచ్చిన చట్టంలో ఆ నేరు ఎన్నికని తీసేశారు. నా దృష్టిలో పెత్తనం తరగడం మొదలైన మలుపు అదే.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాన్ని అనుసరించి 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం చేశారు. ఎంపీటీసీ, జడ్పీటీసీ అనే పేర్లు అప్పుడే పుట్టాయి. ఎంపీటీసీలు కలిసి మండలాధ్యక్షుణ్ణి, జడ్పీటీసీలు కలిసి ఛైర్మన్‌ని ఎన్నుకోవాలి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో 29 అంశాలు రాసి, ఇవి పంచాయతీలకి అప్పగించవచ్చునంది. ‘అప్పగించవచ్చు’ అన్న చోటే రాష్ట్రాలకి ఊపిరి ఆడింది. మంచి జరగలేదని కాదు. స్వతంత్ర ఎన్నికల సంఘం వచ్చింది, ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు గట్టిపడ్డాయి, మూడో వంతు సీట్లు ఆడవాళ్లకి వచ్చాయి. ఆ తరవాత అది సగమైంది.

1995లో గెలిచిన మహిళా సర్పంచుల మీద వేసిన జోకులు అన్నీ ఇన్నీ కావు. సంతకం భార్యది, పెత్తనం భర్తది అనేవారు. చాలా ఊళ్లలో నిజంగా అంతే. కానీ ఆ మాట అక్కడే ఆపేసేవాళ్లు తరవాత ఏమైందో చూడలేదు. మా పక్క ఊళ్లో ఒకావిడ రెండో ఏడాది గ్రామసభలో కార్యదర్శిని నిలబెట్టి, ‘ఆయ్, ఆ కేష్ బుక్కు ఓసారి గట్టిగా చదవండి, మా ఆడవాళ్లు కూడా వింటారు’ అంది. ఆయన చదువుతూ చదువుతూ ఒక చోట నసిగాడు. వీధి దీపాల బల్బులు ఆ ఏడాది కొన్నన్ని మా రెండు ఊళ్లలో స్తంభాలు కూడా లేవు. భర్తగారు వెనకాల నుంచి సైగలు చేస్తున్నా ఆవిడ చూడలేదు.

సర్పంచ్ అంటే అసలు ఏం చేస్తాడని పట్నంవాళ్లు అడుగుతుంటారు. మా డెల్టాలో ఆ ప్రశ్నకి సమాధానం ఏప్రిల్ నెలలో దొరుకుతుంది. పంట కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు, పూడిక తీయాలి, లాకులు బాగుచేయాలి. మళ్లీ నీళ్లు జూన్‌లో. మా ఊళ్లలో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. కాబట్టి కాలవ కట్టేసే లోపు మంచినీళ్ల చెరువు నిండాలి. అందుకు ముందే చెరువులో నాచు తీయించాలి, గట్టు గండ్లు పూడ్చాలి, తూము తలుపు పనిచేస్తుందో లేదో చూడాలి. చివరి ఊరి దాకా నీళ్లు రావాలంటే పైఊళ్ల రైతులు చేపల చెరువులకి తోడకుండా లస్కరు కాపలా కాయాలి. లస్కరు మాట వినకపోతే సర్పంచ్ ఇరిగేషన్ ఏఈ దగ్గరికి పరిగెత్తాలి. చివరి నాలుగు రోజులూ రాత్రింబవళ్లు తూము దగ్గరే ఉండే సర్పంచులున్నారు. చేతిలో టార్చిలైటు, ఒడ్డున సైకిలు, నీటి మట్టం చూసేందుకు గట్టులో పాతిన వెదురు కర్ర. ‘పెసిరెంటుగారండీ, ఇంకా రెండు మెట్లు మునగాలండీ’ అని ఆడవాళ్లు బిందెలతో వచ్చి చూసి వెళ్తుంటారు. ఆ రెండు మెట్లూ మునిగిన సర్పంచ్ మళ్లీ గెలుస్తాడు. మునగకపోతే, ఆయన ఎన్ని సిమెంటు రోడ్లు వేసినా మే నెలలో ట్యాంకరు వెనకాల పరిగెత్తిన ఇల్లాలు ఓటు వేయదు.

ఇంటి పన్ను, కుళాయి పన్ను, పంచాయతీ చెరువులో చేపల పాట, గట్టు మీద కొబ్బరిచెట్ల ఫలసాయం, సంత ఆశీలు. ఊరికి సొంతంగా వచ్చే డబ్బంటే ఇంతే. గోదావరి పాయల మీద ఉన్న ఊళ్లలో పంటు రేవుల పాట కూడా స్థానిక సంస్థలకి ఆదాయమే. రేవు పాట నాటి పట్టుదలలు చూస్తే అసెంబ్లీ ఎన్నిక చిన్నబోతుంది. కాలవ నీళ్ల పెత్తనం కోసం 1997లో వేరే చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలకి ఎన్నికలు పెట్టారు. రైతే ఓటరు, రైతే అభ్యర్థి. మొదట్లో డెల్టాలో మంచి ఊపు వచ్చింది. తరవాత ఏళ్ల తరబడి ఎన్నికలు లేక ఆ సంఘాలు పేరుకే మిగిలాయి, మళ్లీ 2024 డిసెంబరులో జరిగాయి. ఇక్కడా అదే వాయిదా కథ.

2006 తరవాత పంచాయతీ ఎన్నికలు 2013లో, ఆ తరవాత 2021లో. 2014లో జడ్పీటీసీ, ఎంపీటీసీ ఎన్నికలు ఏప్రిల్లో జరిగితే, సాధారణ ఎన్నికల మీద ప్రభావం పడకూడదని ఫలితాలు మే 13 దాకా పెట్టెల్లోనే ఉండిపోయాయి. 2020–21 సంగతి అందరికీ గుర్తే. 2020 మార్చి 15న కరోనా కారణంగా ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ ఎన్నికలు వాయిదా వేశారు. ఆయన్ని తప్పిస్తూ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2021 జనవరిలో షెడ్యూలు, దాని మీద స్టే, స్టే మీద అప్పీలు, చివరికి సుప్రీంకోర్టు. ఫిబ్రవరి 9 నుంచి 21 దాకా నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి, మా కోనసీమది చివరి విడత. జడ్పీటీసీ, ఎంపీటీసీ పోలింగు ఏప్రిల్ 8న. తెలుగుదేశం బహిష్కరించింది. ఓట్ల పెట్టెలు మళ్లీ కోర్టు తలుపు తట్టి సెప్టెంబరు 19న తెరుచుకున్నాయి. రాష్ట్రంలో 13 జడ్పీలూ వైఎస్సార్ కాంగ్రెస్‌కే. తూర్పున విప్పర్తి వేణుగోపాలరావు, పశ్చిమాన కవురు శ్రీనివాస్ ఛైర్మన్లయ్యారు. కవురు ఎమ్మెల్సీ అయ్యాక 2023లో గంటా పద్మశ్రీ ఆ కుర్చీలోకి వచ్చారు. ఒక ఓటు వేసి, అది ఎవరికి పడిందో తెలుసుకోవడానికి అయిదు నెలలు ఆగడం మావాళ్లకి కొత్త అనుభవం.

పంచాయతీ ఓటు అలా కాదు. పొద్దున ఆరున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఓట్లు, నాలుగింటికి అదే బళ్లో లెక్కింపు. ఒకే పెట్టెలో సర్పంచ్‌ది గులాబీ రంగు కాగితం, వార్డుది తెల్ల కాగితం. బల్ల మీద కుమ్మరించి ముందు రంగులు విడదీస్తారు. తరవాత ఇరవై అయిదేసి చొప్పున కట్టలు. గది బయట కిటికీ ఊచలు పట్టుకుని ఏజెంట్ల మొహాలు చూసి ఫలితం చెప్పేస్తుంటారు జనం. పార్టీ గుర్తులుండవు, కత్తెరో ఉంగరమో ఇస్తారు. కానీ కత్తెర వెనకాల ఏ పార్టీ ఉందో ఊళ్లో పసిపిల్లకి కూడా తెలుసు. మూడు ఓట్ల తేడా వస్తే మళ్లీ లెక్కించమంటారు. పది మంది ముందు ఆ గులాబీ కాగితాల మీద స్వస్తిక్ ముద్ర గీత దాటిందా లేదా అని టార్చి వేసి చూస్తారు. రాత్రి ఏ పదింటికో తేలితే, ఆ రాత్రే ఉపసర్పంచ్ ఎన్నిక. గెలిచిన వార్డు సభ్యుల్ని ఇళ్లకి పోనివ్వరు. 2021లో నాలుగు విడతల్లోనూ రాష్ట్రంలో 80 శాతం దాటి ఓట్లు పడ్డాయి. ఇంగ్లండులో స్థానిక ఎన్నికకి మూడో వంతు ఓటర్లు వస్తే ఫరవాలేదనుకుంటారు.

అక్కడ పారిష్ కౌన్సిళ్లలో పోటీ లేకుండా ఎన్నికవడం మామూలే. నిలబడేవాళ్లు దొరక్క అలా జరుగుతుంది. ఇక్కడ నిలబడ్డవాళ్లని కూర్చోబెట్టి ఏకగ్రీవం చేస్తాం. 2021లో ప్రభుత్వం ఏకగ్రీవాలకి రెండు వేల లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, పది వేలు దాటితే 20 లక్షలు బహుమానం ప్రకటించింది. ఊరు గొడవలు లేకుండా ఉంటే మంచిదే కదా అంటారు. కానీ ఏకగ్రీవం ఎవరి అరుగు మీద జరిగిందో అడిగితే తెలుస్తుంది, ఎవరు లేచి నిలబడలేకపోయారో. గుడి కడతానని వేలంపాట పాడి సర్పంచ్ అయినవాళ్ల వార్తలు ప్రతి ఎన్నికలోనూ వస్తున్నాయి. చట్టం ప్రకారం పది వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు లక్షన్నర దాటకూడదు. ఆ అంకె విని మా ఊళ్లో ఎవరూ నవ్వు ఆపుకోలేదు.

అంత ఖర్చు పెట్టి గెలిచాక ఏముంది? 2019 అక్టోబరు 2న కాకినాడ పక్కనే కరపలో గ్రామసచివాలయాలని ప్రారంభించారు. ఊరికి పదిమంది దాకా ఉద్యోగులు, వాలంటీర్లు వచ్చారు, పనులు గుమ్మం దగ్గరికొచ్చాయి. కానీ సర్పంచ్ గదికి జనం రావడం మానేశారు. అప్పట్లో పింఛను కావాలంటే వాలంటీరు, కాగితం కావాలంటే సచివాలయం. కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద జమ వేసుకున్నారని సర్పంచులు జెండాలు పట్టుకుని రోడ్డెక్కారు. అధికార పార్టీ సర్పంచులు కూడా వాళ్లలో ఉన్నారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా ఒకేరోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. పంచాయతీరాజ్ మంత్రి పవన్‌కల్యాణ్ పిఠాపురం ఎమ్మెల్యే కావడం మా జిల్లాకి గర్వం. ముఖ్యమంత్రి చంద్రబాబు ఆ రోజు కొత్తపేట మండలం వానపల్లి వచ్చారు. అదే ఏడాది నవంబరులో, ఇద్దరు పిల్లలకి మించితే పోటీకి అనర్హులన్న పాత నిబంధనని శాసనసభ తీసేసింది. నిలబడే హక్కు ఇంకొంచెం పెరిగింది. గెలిచాక చేతికి వచ్చే డబ్బు, సిబ్బంది మాత్రం పైనున్నవాళ్ల దయ మీదే ఉన్నాయి.

ఈ ఎన్నికల కథని ప్రభుత్వ రికార్డుల కంటే ఇళ్లలోనే బాగా దాచారు. జిల్లా బోర్డు నాటి ఆహ్వానపత్రం, సమితి ప్రెసిడెంటు అభ్యర్థి అచ్చేయించిన పాంప్లెట్టు, 1987 జడ్పీ ఎన్నికలో తాతగారు ఏజెంటుగా ఉన్న పాసు, ఊరి పంచాయతీ మొదటి మినిట్స్ పుస్తకం, పాత ఓటరు జాబితా. ఇవి మీ అటక మీద ఉండే ఉంటాయి. ఇల్లు కడిగేటప్పుడు తూకానికి వేసేయకండి. ఉంచుకోలేకపోతే రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికో, మీ ఊరి హైస్కూలు హెడ్మాస్టరుగారికో ఇవ్వండి. ఏ ఊరిదో, ఏ సంవత్సరానిదో పెన్సిలుతో వెనకాల రాసి ఇవ్వండి.